పాట కింది ఖాళీ పెట్టె

“నువ్వే చెప్పినవ్. నువ్వు గాకపోతే ఇంకెవలు చెప్తరు సలోమమ్మా? నేను రాసింది నీ ఒక్కదానికే. నా బిడ్డ ఇంట్ల ముచ్చట తీస్కపోయి బజార్ల పెట్టినవ్.”

కమలాబాయి గడప దాటి లోపలికి రాలేదు. మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంది. కింది పోర్షన్‌లో మిషను మీద ఎవరిదో జాకెట్టు సగంలో వదిలేసి, చిలకలగూడలోని ఆ పాత ఇంటి మెట్లెక్కి పైకి వచ్చింది. శనివారం పొద్దున సలోమి దగ్గర పాట నేర్చుకునే ఆడపిల్లలు హాల్లో కూర్చుని ఉన్నారు. వాళ్లంతా హార్మోనియం వదిలేసి గుమ్మం వైపు చూశారు.

సలోమి వాళ్లను పంపేసింది. పిల్లలు చెప్పులు వెతుక్కుని మెట్లు దిగేదాకా కమలాబాయి మళ్లీ నోరు విప్పలేదు. అంత కోపంలోనూ పరాయి పిల్లల ముందు ఎంతవరకు అనాలో అంతవరకే అంది. ఆ అదుపు చూసి సలోమికి ఇంకా భయం వేసింది.

‘ఏం రాశావు కమలక్కా?’ అని అడగాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అడిగితే తన గుట్టు బయటపడుతుంది.

“కూర్చో అక్కా. ఏం జరిగిందో చెప్పు” అంది.

“కూసునుడు తర్వాత. నిన్న పగటిపూట మా నవత ఫోను చార్జింగ్ పెట్టి, బట్టలు ఆరేస్తందుకు డాబా మీదికి పోయింది. ఫోను మోగితే వాళ్లత్త ఎత్తింది. ఎవతో పిల్ల, మంచిగ నవ్వుకుంట, ‘నవత గారా, మీ సార్ రిపోర్టుల తేడా వచ్చింది గదా, పిల్లల కోసం పరేషాన్ అయితున్నరు గదా, మా దవాఖానల క్యాంపు పెట్టినం, సలోమి మేడమ్ పాటలు వినేటోళ్లకు స్పెషల్’ అన్నదంట. నీ పేరే చెప్పింది. కొడుకు రిపోర్టు సంగతి ఆమెకు ఇప్పటిదాంక తెల్వదు. మొగుడు పెండ్లాం ఇద్దరే కడుపుల పెట్టుకున్న ముచ్చట. ‘నా కొడుకు ఇజ్జత్ పాటల దుకాణంల పెట్టిండ్రు’ అని నా బిడ్డను ఒక్క సంచితోని ఎల్లగొట్టింది. అల్లుడు పక్కకే ఉండి నోరు తెరువలే. కింద పండుకున్నది నవత. గోడ దిక్కు తిరిగి.”

సలోమి పద్మారావు నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచరు. ఆమె తాత గుంటూరు వైపు నుంచి రైల్వే పని మీద సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. భర్త నతానియేల్ ఆఫీసులో గుమాస్తా, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. కిందటేడు సలోమి తల్లిని పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు, వార్డు బయట వరండాలో గచ్చు మీద కూర్చుని ఒక పాట కట్టింది. ‘వరండాలో కూర్చున్నాను, నా వంతు ఇంకా రాలేదు’ అని మొదలవుతుంది. అందులో దేవుడి పేరు ఎక్కడా లేదు. చర్చిలో పెద్దలు విని, “పాట బాగానే ఉందమ్మా, ఇందులో ప్రభువు ఎక్కడున్నాడు?” అన్నారు. “ఆయన కూడా వరండాలోనే ఉన్నాడండీ, లోపలికి రానివ్వలేదు” అంది సలోమి. ఆ తర్వాత ఆమెను ఆరాధనలో పాడమని అడిగేవాళ్లు తగ్గిపోయారు.

ఆ పాటను మొట్టమొదట విన్నది కమలాబాయి. ఆమె హిందువు, ఆదివారం చర్చి మొహం చూసింది లేదు. కానీ సలోమి పైన సాధన చేస్తుంటే కింద మిషను తొక్కడం ఆపేసేది. ఒక చరణం మారిస్తే మెట్ల దగ్గర ఆపి, “పాతదే మంచిగ ఉండె బిడ్డా, ఎందుకు మార్చినవ్?” అని నిలదీసేది. అంతటి శ్రోత ఎవరికి దొరుకుతుంది? దొరికిన మనిషిని వదిలేసి, కనపడని వేలమంది కోసం పరుగెత్తడం మనకు ఈ ఫోన్లు నేర్పిన విద్య.

నతానియేల్ ఆమెను మెట్ల మీద నిలబెట్టి ఫోనులో తీసి, ఆమె పేరుతో తెరిచిన పేజీలో పెట్టిన ముక్క ఒకటి ఎక్కడెక్కడికో పోయింది. ఆసుపత్రుల్లో కూర్చున్నవాళ్లు, దుబాయ్‌లో పనికి పోయినవాళ్లు, బస్సు డ్రైవర్లు విన్నారు. అప్పుడు దిగాడు హేమచంద్ర. స్టేషన్ ఎదుటి సందులో ట్రావెల్స్ ఆఫీసు పైన అతనికి రెండు గదులు. పాటలను జనంలోకి తీసుకుపోవడం తన పని అన్నాడు. అతను చెప్పిన మొదటి మాటలో అబద్ధం లేదు.

“సిస్టర్, ఆ పేజీ మీది కాదు. అది కిరాయి ఇల్లు. కంపెనీవాడు తాళం ఏస్తే మీరు రోడ్డు మీదనే. మెయిలింగ్ లిస్టు ఒక్కటే మీ సొంతిల్లు. వినేటోళ్ల పేర్లు, మెయిల్ అడ్రసులు, ఫోన్ నంబర్లు మీ చేతుల ఉండాలె. కొత్త పాట రాంగనే సీదా వాళ్ల ఇంట్లకే పోతది.”

పాట ఉచితంగా కావాలంటే ఒక ఫారం నింపాలి. పేరు, మెయిల్, నంబరు. వాటి కింద ఒక ఖాళీ పెట్టె: ‘మాకు ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?’ ఆ ఫారాలన్నిటిలోనూ అది ఉంటుందట, ఎవరూ నింపరట. హేమచంద్ర కూడా దాన్ని తీసేయడం మరిచిపోయానన్నాడు.

వేరే ఊళ్లలో ఎవరూ నింపరేమో. మనవాళ్ల సంగతి వేరు. చర్చి గుమ్మం పక్కన ప్రార్థన చీటీల కోసం చెక్క పెట్టె చూసి పెరిగినవాళ్లు, పాట కింద కామెంట్లలో ‘అక్కా, మా నాన్న ఆపరేషన్ కోసం ప్రార్థించండి’ అని రాసే అలవాటున్నవాళ్లు. ఖాళీ పెట్టె కనపడితే అందులో బరువు దించేస్తారు. నింపారు. మొగుడి తాగుడు రాశారు, చదువు మానేసిన కొడుకు గురించి రాశారు, రెండు నెలలుగా కన్నవాళ్లతో మాట్లాడని కూతురి గురించి రాశారు. మొదట్లో సలోమి ప్రతి ఒక్కటీ చదివింది. రాత్రి అన్నాలయ్యాక నతానియేల్, తను బల్ల దగ్గర కూర్చుని ఒక్కో పేరూ పలికి ప్రార్థన చేసేవాళ్లు. పొద్దున్నే జవాబు రాసేది. ఆ జవాబులు అందుకున్నవాళ్లు చుట్టాలకు పంపారు. లిస్టు పెరిగింది.

హేమచంద్ర ఒకరోజు ఫోన్ చేసి, “ఏం మంత్రం ఏసిండ్రు సిస్టర్? నా దగ్గర సినిమా సింగర్ల లిస్టులు సుత గిట్ల నడుస్తలేవు” అన్నాడు. అతను ఆ పెట్టె తెరిచి చూశాడు. చూసి, మనుషులను గంపల్లో వేశాడు. జబ్బులవాళ్లు ఒక గంప, పిల్లలు లేనివాళ్లు ఒకటి, వీసా కోసం చూసేవాళ్లు ఇంకోటి. ఒక్కో గంపకు ఒక్కో పాట ముక్క, ఒక్కో మెయిల్. “మీ బాధ నాకు తెలుసు” అని మొదలుపెడితే ఎక్కువమంది తెరుస్తున్నారని చూపించాడు. సలోమికి అది నచ్చింది. ఈ మాట దాచి లాభం లేదు, నచ్చింది. వీసావాళ్ల కోసం ఒక పాట కట్టింది కూడా. అది చప్పగా ఉందని పాడుతున్నప్పుడే ఆమెకు తెలుసు. అయినా పంపింది.

రానురాను పెట్టెలో పడేవి పెరిగిపోయాయి. బడి, వంట, రికార్డింగు, రోజుకొక వీడియో. చదవడం ఒక రోజు వాయిదా పడింది, తర్వాత ఒక వారం. హేమచంద్ర మెషీన్‌కే అప్పగించమన్నాడు. ఫారం పంపిన నిమిషంలో జవాబు వెళ్లిపోయేది: ‘మీరు రాసింది చదివాను. మీ కోసం ప్రార్థించాను. మీ సలోమి.’

గుమ్మంలో నిలబడ్డ కమలాబాయిని ‘ఏం రాశావు’ అని సలోమి అడగలేకపోయింది అందుకే.

“నువ్వు పైనే ఉన్నవ్, నేను కిందనే ఉన్న. మెట్లెక్కి చెప్పొచ్చు” అంది కమలాబాయి. కోపం కాస్త దిగి, గొంతు బొంగురుపోయింది. “మొకం చూస్కుంట చెప్పుడు నాతోని కాలే. అల్లుని ముచ్చట ఎట్ల చెప్తం? నవత వచ్చినప్పుడు రాయించిన. అది మెయిల్ లేకపోతే ముందటికి పోతలేదు. నాకేడిది మెయిలు? పేరు, మెయిలు, నంబరు అన్నీ నవతవే పెట్టినం. నిమిషంల నీ జవాబు వచ్చింది. నవత చదివి ఏడ్చింది. తెల్లారి మెట్ల కాడ నువ్వు ఎదురొచ్చినవ్. నేను నీ కండ్లలకు చూసిన. నువ్వేమో ‘కమలక్కా, జాకెట్ అయిందా’ అన్నవ్. అప్పుడు ఏమనుకున్ననో ఎర్కేనా? అబ్బ, ఎంత పెద్ద మనసు, అంత తెలిసి సుత ఏం తెల్వనట్టు ఉన్నది, నాకు సిగ్గు గాకుండ చూస్తున్నది అనుకున్న.”

సలోమి తలుపు రెక్క పట్టుకుంది.

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న నతానియేల్ ఆమెను లోపలికి పిలిచాడు. “హేమచంద్రకు ఫోన్ చేసి ఆ ఒక్క పేరు తీయించేద్దాం. పెద్దది చేయకు” అన్నాడు మెల్లగా.

“మిగతావాళ్లకు ఫోన్లు పోవా ఏమండీ?”

“పోతాయో లేదో మనకేం తెలుసు? లిస్టు మీద చెయ్యేస్తే వచ్చే నెల పాట ఎవరికి వినిపిస్తావు? మళ్లీ చర్చి పెద్దల దగ్గరికి పోతావా, ప్లీజ్ నన్ను పాడనివ్వండి అని?”

అతను ఎగతాళి చేయలేదు. ఉన్నమాటే అన్నాడు. పేజీలో ఇప్పుడు ఎవరూ పెద్దగా చూడటం లేదు. కంపెనీవాడు ఏం తిప్పాడో, ఏ వీడియో పెట్టినా నాలుగడుగులు వేసి కూలబడుతోంది. ఆ లిస్టు ఒక్కటే మిగిలింది. సలోమి దాని కోసం ఏడాదిగా గొంతు అరగదీసుకుంది. అది పోతే ఆమె మళ్లీ పద్మారావు నగర్ బడిలో పిల్లలకు స్వరాలు నేర్పే టీచరు, అంతే.

ఆమె చెప్పులు వేసుకుంది. “నడువు అక్కా, హేమచంద్ర ఆఫీసుకు పోదాం” అంది.

ఆటోలో ఇద్దరూ చెరో పక్కకు చూస్తూ కూర్చున్నారు. స్టేషన్ దగ్గర సిటీ బస్సులు అడ్డంగా నిలిచి దారి ఆగిపోయింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. చెప్పాలంటే అదే సమయం. ‘కమలక్కా, నువ్వు రాసింది నేను చదవలేదు.’ ఎంత చిన్న వాక్యం. పాటలో అయితే ఒక్క ఊపిరిలో పాడేయొచ్చు. సలోమి రెండుసార్లు నోరు తెరిచింది. రెండోసారి కమలాబాయి ఆమె వైపు తిరిగి, “నీ మీద నాకు ఇంకా గుస్సా ఉన్నది. కానీ నువ్వు కావాలని చెయ్యలే. ఎవలో నీ కాడికెల్లి గుంజుకున్నరు, గంతేనా?” అంది. సలోమి తల ఊపింది. ఊపినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

హేమచంద్ర కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు. చాయ్ తెప్పిస్తానన్నాడు. సంగతి విని మొహం నిజంగానే చిన్నబుచ్చుకున్నాడు.

“అరె, ఆ కాల్ సెంటర్ పిల్ల అట్ల రిపోర్టు గురించి మాట్లాడొద్దు సిస్టర్. తప్పే. నేను వాళ్లతోని మాట్లాడ్త.”

“వాళ్లకు ఈ పేర్లు ఎవరిచ్చారు?”

“పార్టనర్లు సిస్టర్. పిల్లలు లేనోళ్ల గంప వాళ్లకు ఉపయోగం, వాళ్ల దవాఖాన వీళ్లకు ఉపయోగం. ఫారం కింద రాసే ఉన్నది, పార్టనర్లతోని పంచుకుంటమని. టిక్ పెట్టినంకనే పాట వస్తది.”

“ఏ భాషలో రాసి ఉంది?”

“ఇంగ్లిష్‌ల. అన్నీ ఇంగ్లిష్‌లనే ఉంటయ్ గదా.”

“నా పాట తెలుగులో ఉంది. నా వీడియో కింద ప్రతి మాటా తెలుగులో ఉంది. ఆ ఒక్క ముక్కా ఇంగ్లిష్‌లో ఎందుకుంది హేమచంద్ర గారూ?”

అతను కంప్యూటరు తన వైపు తిప్పుకున్నాడు. “అక్క బిడ్డ పేరు ఇప్పుడే తీసేస్తున్న. సలాం కొట్టి తీసేస్తున్న. ఖతం.”

“ఒక్క పేరు కాదు. మొత్తం.”

“మొత్తమా? ఇల్లు కూలగొట్టుకుంటరా సిస్టర్?” అన్నాడు. ఆ తర్వాతి మాట కమలాబాయిని చూసి, ఆమెను తన వైపు తిప్పుకుందామని అన్నాడు. “అక్కా, జెర నువ్వన్న చెప్పు. మేడమ్ మీద ఏం తప్పు లేదు. నువ్వేం రాసినవో మేడమ్‌కు సుత తెల్వదు. అన్ని వేలమందివి ఎవలు చదువుతరు? ఆ జవాబు మెషీన్ పంపింది.”

కింద ట్రావెల్స్ ఆఫీసువాడు ఏదో ఊరి పేరు పదే పదే అరుస్తున్నాడు. కమలాబాయి మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది, మళ్లీ విప్పింది.

“చదువలే?” అంది.

“చదవలేదు అక్కా.”

“ప్రార్థన?”

“చేయలేదు.”

“మరి మెట్ల కాడ...” అని ఆగిపోయింది. ఆమె మళ్లీ అరుస్తుందని సలోమి ఎదురుచూసింది. అరవలేదు. పక్కనున్న కుర్చీలో కూర్చుని నేల వైపు చూస్తూ, “అయితే నువ్వు ఎవలికీ చెప్పలే. నీకే తెల్వకపాయె. నేను రాసింది ఎవలూ వినలే. వినకముందే అమ్ముడుపోయింది” అంది.

ఇంత సూటి మాట ఆ రెండు గదుల్లో ఎప్పుడూ ఎవరూ అని ఉండరు. సలోమి తన పాట గురించి ఆలోచించింది. వరండాలో కూర్చున్నవాళ్ల బాధ అది. లోపలికి ఎవరిని పిలుస్తారో, ఎప్పుడు పిలుస్తారో చెప్పని ఆ తలుపు మీద కోపంతో కట్టింది. ఆ పాట పాడి పాడి తనూ ఒక వరండా కట్టింది. ఇన్ని వేలమందిని అందులో కూర్చోబెట్టింది. మీ మాట విన్నానని బోర్డు పెట్టి తలుపు వేసుకుంది. హేమచంద్ర దొంగే. కానీ అతనికి ఆ తలుపు తాళం ఇచ్చింది తనే.

“ఇటు ఇవ్వండి” అని కీబోర్డు లాక్కుంది.

లిస్టు మొత్తానికీ ఒకే ఒక్క మెయిల్ రాసింది. మెరుగులు పెట్టలేదు. ‘నేను సలోమిని. ఇది నేనే రాస్తున్నాను, మెషీన్ కాదు. మీరు పెట్టెలో రాసుకున్నవి చాలాకాలంగా నేను చదవలేదు. చదివానని, ప్రార్థించానని మీకు వచ్చిన జవాబులు అబద్ధం. మీ పేర్లు, మీ బాధలు, మీ నంబర్లు ఈ ఆఫీసు నుంచి వేరేవాళ్లకు వెళ్లాయి. మీకు ఫోన్ వస్తే నా పేరు చెప్పినా నమ్మకండి. ఈ లిస్టు ఈ రోజుతో తీసేస్తున్నాను. నా పాట వినాలంటే ఏ ఫారమూ నింపక్కరలేదు.’ కింద హేమచంద్ర ఆఫీసు నంబరు పెట్టింది.

“నా నంబరు ఎందుకు సిస్టర్? అందరూ నాకే చేస్తరు.”

“చేయనివ్వండి. ఒక్కొక్కరికీ మీ నోటితో జవాబు చెప్పండి. మెషీన్‌కు అప్పగించకండి.”

పంపింది. ఆ తర్వాత లిస్టు తీసేయించింది. దవాఖానవాళ్లకు ఫోన్ చేయించి, స్పీకర్ పెట్టించి, వాళ్ల దగ్గరున్నవి కూడా తీసేయమని అతని చేతే చెప్పించింది. అవతలివాడు చూస్తామన్నాడు. చూస్తామనే మాటకు అర్థం ఏమిటో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. తెర మీద పేర్ల వరసలు పోయి తెల్లగా మిగిలింది. ఏడాది పని. సలోమికి ఏడుపు వచ్చింది, కానీ కమలాబాయి ముందు ఏడ్చే హక్కు తనకు లేదనుకుని మింగేసింది.

“రాసినవ్, తీసేసినవ్. మంచిగనే చేసినవ్” అంది కమలాబాయి. ఆ మాటలో మెప్పు లేదు. “కానీ మా వియ్యపురాలు మెయిల్ చూడది. ఆమెకు మెయిలే లేదు. ఆమె ఫోన్ల విన్నది, ఇంకెన్నడు ఫోన్ల ఎవలేం చెప్పినా నమ్మది. నా బిడ్డ కింద గోడ దిక్కు తిరిగి పండుకున్నది. అల్లుడు నోరు మూసుకుని కూసున్నడు. మీరిద్దరు ఈడ బటన్లు ఒత్తితే ఆడ తలుపు తెరుసుకోదు.”

హేమచంద్ర గడియారం చూసుకున్నాడు. “అక్కా, నాకు ఇంకో పార్టీ వస్తున్నరు. సోమవారం మాట్లాడుకుందమా?”

కమలాబాయి లేచి నిలబడింది. టేపు మెడలో వేసుకుంది. అతని కంప్యూటరు వైరు గోడలోంచి పీకి బల్ల మీద పెట్టింది.

“సోమవారం లేదు, ఏం లేదు. లేవుండ్రి, ఇద్దరు. ఇప్పుడే వారాసిగూడల నా బిడ్డ అత్తగారింటికి నడువుండ్రి. వాళ్లత్త ముంగట నిలవడి చెప్పుండ్రి, నవత ఏ తప్పు చెయ్యలే, అమ్మింది వీడు, చదువకుండనే చదివిన అన్నది ఈమె అని. అల్లునికి సుత చెప్పుండ్రి. ఆమె ఎంత తిట్టినా వినుండ్రి, మొత్తం వినుండ్రి, మధ్యల లేవొద్దు. చెప్పులేసుకోండ్రి.”